మూత మీద రాత

నూట నలభై మీటర్ల దగ్గర
రిగ్గు గొంతు మారింది.
పైపుకి చెవి ఆనించి "నీళ్లే" అన్నాడు ఎవోయ్.
బురదనీళ్లు పైకి చిమ్మగానే అందరం కేకలు వేశాం.
కగేహా ఒక్కతే వేలు ముంచి
నాలిక మీద పెట్టుకుంది.
ఏమీ అనలేదు. ఉమ్మేసింది.

ఉప్పు.
మేక మూతి పెట్టి తల విదిల్చేంత ఉప్పు.

తొమ్మిది రోజుల డీజిలు,
విరిగిన రెండు బిట్లు,
కిసుము నుంచి లారీలో వచ్చిన పైపులు,
ఎలిమ్లిమ్ బొటనవేలి గోరు,
అన్నీ పోసి కొనుక్కున్నది ఇదీ.

అప్పుడు తుమ్మచెట్టు నీడలోంచి
ముసలి నకిరు నవ్వింది,
మెడలో పూసల దొంతరలన్నీ కదిలేలా.
"ఎర్రలారీ వాళ్లూ ఇక్కడే తవ్వారు,
నా చిన్నకూతురు కడుపులో ఉన్నప్పుడు.
వాళ్లూ ఇట్లాగే అరిచారు.
ఇట్లాగే ఉమ్మేశారు."

మరి ముందే చెప్పలేదేం అన్నాను, కోపంగానే.
"మీరు నన్ను అడిగింది ఒక్కటే.
లారీ పెట్టుకోను నీడ ఎక్కడుందని."

ఆమె చూపిన చోట ముళ్లకంప లాగి చూస్తే
మూరెడు ఇసుక కింద తుప్పుపట్టిన పైపు,
నోట్లో రాయి కుక్కుకుని.
మా బోరుకి ఇరవై అడుగుల దూరంలో.

ఆ రాత్రి జనరేటరు ఆపేలోపు
పాత నివేదికలన్నీ తెరిచింది కగేహా.
ఎర్రలారీ మా కంపెనీదే.
పేరు మారింది, లారీ రంగు మారింది, అంతే.
నివేదికలో పద్నాలుగు బోర్లు,
పద్నాలుగింటికీ ఫొటోలు,
పంపు కొడుతూ పళ్లు కనబడేలా పిల్లలు.
చివర "నేర్చుకున్న పాఠాలు" అని ఒక పేజీ.
అందులో ఉన్న పాఠం:
సమన్వయం చాలా ముఖ్యం.

పదిహేనో బోరు లేదు.
దానికి రాయి కుక్కి, ఇసుక కప్పి,
ఆపైన కాగితం కప్పారు.

వాళ్లని తిట్టబోయాను.
మాట పళ్లదాకా వచ్చి ఆగిపోయింది.
కకుమా దారిలో పోయినేడు
నా చేత్తో నేను పూడ్చిన రెండు...
వాటిని ఎక్కడ రాశాను?
ఎవరికి చెప్పాను?
బీరు తాగుతూ ఒకసారి ఎవోయ్‌కి.
అదీ నవ్వించడానికి.

అనుభవం అంటాం.
జీతం పెంచమని అడిగే రోజున బయటికి తీస్తాం.
కాంట్రాక్టు అయిపోగానే
భుజాన వేసుకుని ఇంకో గేటు దగ్గరికి పోతాం.
నేల మాత్రం ఉన్నచోటే ఉంటుంది,
ఉప్పుతో సహా,
మళ్లీ మొదటినుంచి మొదలెట్టే వాళ్ల కోసం.

తెల్లారి ఎలిమ్లిమ్ వెల్డింగు మిషను దింపాడు.
బోరు మూత మీద ఏం రాయాలన్నది పేచీ.
కంపెనీ పేరు వద్దు, ఉద్యోగాలు పోతాయన్నాడు డ్రైవరు.
లోతు చాలదా అన్నాడు ఎవోయ్.
కగేహా సుద్దముక్కతో రాసింది.
కట్టు కట్టిన చేత్తోనే ఎలిమ్లిమ్
ఆ గీతల వెంట నిప్పురవ్వలు నడిపించాడు:

140 మీ. ఉప్పు.
ఇది రెండోసారి.
ముందు నకిరుని అడగండి.

ఆమెకి చదివి వినిపించాం.
మూత చుట్టూ ఒకసారి తిరిగింది,
మడమతో తట్టి చూసింది.
"నేనెన్నాళ్లుంటాను?
నా మనవరాలు అసెకోన్ పేరు కూడా ఎక్కించండి.
ఇంకా చోటుందిగా."

అప్పుడడిగాడు ఎవోయ్,
పది రోజులు ఆలస్యంగా:
అవ్వా, తియ్యటి నీళ్లు ఎటువైపు ఉండొచ్చు?

నకిరు కర్ర అందుకుంది.
"నడవాలి. మీ లారీ అక్కడికి రాదు."

ఎండిన ఏటి వెంట వరసగా నడిచాం,
ముందు ఆమె, వెనక మేకపిల్లని చంకనెత్తుకుని అసెకోన్.
కగేహాని ఒక కాగితం అడిగి
కకుమా దారిలోని ఆ రెండు బోర్ల గురించి
నడుస్తూనే రాయడం మొదలుపెట్టాను.

మొదటిది: తొంభై ఆరు మీటర్లు, నల్లరాయి, పొడి.

రెండోది ఎంత లోతో
ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.